తీగలో వంతు, గాలిలో వంతు

ఒకే కాలువ కింద పది పొలాలు ఉన్నప్పుడు నీరు సమృద్ధిగా ఉన్నా వంతు తేలనిదే తడి పారదు. తెలంగాణ పల్లెల్లో తూము దగ్గర నిలబడి ఆ వంతు తేల్చే మనిషిని నీరటి అన్నారు. రాష్ట్ర సరిహద్దుకు ఆవల, చంద్రపూర్ జిల్లాతో సహా తూర్పు విదర్భలోని మాల్గుజారీ చెరువుల కింద రైతులకూ నీటిని పంచుకోవలసిన అవసరం ఇటువంటిదే. ఆ చంద్రపూర్‌లోనే బొగ్గు గనులను ఆనుకొని పెరిగిన లాల్‌పేట్‌లో ఈనాడు ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లోని ఫోను ఇంటర్నెట్‌ను చేరాలంటే రెండు రకాల వంతులు దాటాలి: గదిలో రేడియో తరంగాల వంతు ఒకటి, గోడ దాటాక గాజు తీగలో కాంతి వంతు ఇంకొకటి. ఈ రెండు పద్ధతులూ వేర్వేరు చోట్ల, వేర్వేరు ఇబ్బందుల్లోంచి పుట్టినవి కనుక, వాటిని ఒక గొలుసుగా కలపడానికి పట్టిన శ్రమకు ప్రత్యేకమైన చరిత్ర ఉంది.

గాలిలోని వంతు కథ హవాయి దీవుల్లో మొదలయింది. అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఆబ్రమ్సన్ బృందం 1971లో నడిపించిన అలోహా నెట్‌వర్క్‌లో, దీవుల మీది యంత్రాలన్నీ ఒకే రేడియో మార్గాన్ని వాడుకునేవి. ఎవరికి పని పడితే వారు పంపేవారు, రెండు సందేశాలు ఢీకొంటే ఇద్దరూ కొంతసేపు ఆగి మళ్లీ పంపేవారు. అనుమతి అడగనక్కరలేని ఈ స్వేచ్ఛకు చెల్లించిన మూల్యం పెద్దదే, ఎందుకంటే లెక్క ప్రకారం ఆ మార్గం సామర్థ్యంలో గరిష్ఠంగా 18.4 శాతమే పనికివస్తుంది. పంపే వేళలను సమానమైన గడులుగా విభజిస్తే అది 36.8 శాతానికి పెరుగుతుందని ఆ తరువాత తేలింది. మాట్లాడే ముందు చెవి ఒగ్గి వినడం అనే మర్యాద దీనికి తోడయింది. 1997లో వెలువడిన మొదటి వైఫై ప్రమాణం ఆ మర్యాదనే నియమంగా మార్చింది. వైఫై పరికరం ముందు మార్గం ఖాళీగా ఉందేమో వింటుంది, ఖాళీ అయ్యాక కూడా కొన్ని గడులు యాదృచ్ఛికంగా లెక్కపెట్టుకుని ఆగుతుంది, పంపాక అవతలి నుంచి అందినట్టు జవాబు రాకపోతే ఢీకొన్నదని భావించి ఇంకా ఎక్కువసేపు ఆగే వీలుతో మళ్లీ ప్రయత్నిస్తుంది.

గాజు తీగలో ఈ మర్యాద చెల్లలేదు. ఇళ్లకు వచ్చే ఫైబర్‌లో, టెలిఫోన్ కేంద్రం నుంచి బయలుదేరిన ఒక్క తీగ, కరెంటు అవసరం లేని స్ప్లిటర్ అనే చిన్న పరికరం దగ్గర 32 లేదా 64 పాయలుగా చీలుతుంది. స్ప్లిటర్ నిర్మాణం వల్ల ఒక ఇంటి కాంతి కేంద్రానికి చేరుతుందే తప్ప పక్క ఇంటికి చేరదు. పక్కవారి మాట వినపడనప్పుడు విని ఆగడమన్నది అసాధ్యం. అందుచేత తీగకు నీరటి తప్పనిసరయ్యాడు. 2003లో మొదలైన జీపాన్ ప్రమాణాలలో ఆ పని కేంద్రంలోని ఓఎల్‌టీ అనే యంత్రానిది. అది ప్రతి ఇంట్లో తీగ చివరన ఉండే పెట్టె ఎంత దూరాన ఉందో ముందుగా కొలిచి, దగ్గరివారిని కొంత ఆలస్యంగా పంపమని చెప్పి, అందరూ సమాన దూరంలో ఉన్నట్టు సర్దుతుంది. ఆపైన ఎవరి దగ్గర ఎంత సమాచారం పోగుపడిందో తెలుసుకుని, 125 మైక్రోసెకన్ల చట్రాలలో ఎవరెప్పుడు పంపాలో నిర్ణయిస్తుంది. అవసరాన్ని బట్టి మారే ఈ పంపకాన్ని డైనమిక్ బ్యాండ్‌విడ్త్ కేటాయింపు అంటారు. ఎండిన మడికి ముందు తడి ఇచ్చే నీరటి వివేకానికి ఇంతకంటే దగ్గరి పోలిక దొరకడం కష్టం.

రెండింటినీ కలపబోయినప్పుడు మొదట తోచిన ఆలోచన, తెలివినంతా కేంద్రంలో ఉంచి, వీధిలో యాంటెనాలను మాత్రం వేలాడదీసి, రేడియో తరంగాన్ని యథాతథంగా కాంతి మీద ఎక్కించి పంపడం. రేడియో ఓవర్ ఫైబర్ అనే ఈ పద్ధతి చవకైనదే కానీ, వైఫై విషయంలో దూరం దీనికి అడ్డుపడింది. గాజులో కాంతి ఒక కిలోమీటరు పోవడానికి దాదాపు 5 మైక్రోసెకన్లు పడుతుంది. యాంటెనా 2 కిలోమీటర్ల దూరాన ఉంటే రానూపోనూ 20 మైక్రోసెకన్లు అదనం. వైఫై లెక్కపెట్టే ఒక గడి 9 మైక్రోసెకన్లే కనుక, జవాబు గడువులోగా అందక, చేరిన సందేశాన్ని కూడా చేరలేదనుకుని ఫోను మళ్లీ పంపడం మొదలుపెడుతుంది. నిరీక్షణ గడువును కొంత పెంచవచ్చు గాని, పెంచినంత మేరా మార్గం వృథాగా ఖాళీ ఉంటుంది. అందువల్ల గాలి వంతు ఇంటి దగ్గరే, తీగ వంతు కేంద్రంలోనే తేలే పద్ధతి స్థిరపడింది. దీనికి రేడియో అండ్ ఫైబర్ అని పేరు. ఈ రాజీ సరైనదేనని చెప్పాలి, ఎందుకంటే వంతు తేల్చేవాడు వంతు కోరేవాడికి ఎంత దూరమైతే నష్టం అంత పెరుగుతుంది.

తెలుగు నేలపై ఈ కూర్పు పెద్ద ఎత్తున కనిపించింది ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌గ్రిడ్‌లో. తీగను కరెంటు స్తంభాల మీదుగా 20,000 కిలోమీటర్లకు పైగా లాగిన ఈ పథకంలో, 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామానికి కనెక్షన్లు అందాయి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ పథకాన్ని లాంఛనంగా ప్రారంభించారు. నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఇచ్చే పెట్టెలో తీగ వంతు ముగిసి వైఫై వంతు మొదలయ్యేది. తీగ వేయడం కష్టమైన చోట్ల కాంతి కిరణాన్నే గాలిలో గురిపెట్టి పంపే 2,000 లింకులను ఆ డిసెంబరులోనే ఆల్ఫబెట్ వారి ఎక్స్ సంస్థ ప్రకటించింది. అటువంటి కిరణం ఒక చోటి నుంచి ఒకే చోటికి పోతుంది కనుక దారిలో పంచుకునేవారు ఉండరు; పంపకపు సమస్య చివరి ఊరికి జరుగుతుంది, అంతే.

ఫైబర్‌కు కలిపిన మొబైల్ టవర్ల విషయంలో మాత్రం రెండు వంతులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దశ వచ్చింది. 4జీలో ఏ ఫోను ఎప్పుడు పంపాలో టవర్ దాదాపు 4 మిల్లీసెకన్ల ముందే నిర్ణయిస్తుంది. ఆ కబురును తీగ చివర ఉన్న ఓఎల్‌టీకి ముందుగానే అందిస్తే, అది టవర్ అడిగేదాకా ఆగకుండా సరిగ్గా ఆ క్షణానికి తీగను ఖాళీ చేసి ఉంచగలదని జపాన్‌లోని ఎన్‌టీటీ పరిశోధకులు 2014లో ప్రతిపాదించారు. 5జీ కాలానికి అది సహకార కేటాయింపు అనే పేరుతో ప్రమాణ సంస్థల పత్రాలకు ఎక్కింది. లాల్‌పేట్ ఇంటి వైఫైకి ఈ సదుపాయం లేదు. అక్కడ ఫోను ముందు గదిలోని టీవీ, పక్కింటి రౌటర్ ఆగేదాకా చెవి ఒగ్గి వింటుంది, సందు దొరికాక పెట్టెకు పంపుతుంది, ఆ పెట్టె మళ్లీ కేంద్రం నుంచి తన 125 మైక్రోసెకన్ల చట్రంలో చోటు కోసం వేచి ఉంటుంది.