వృద్ధుల నిద్ర, గుండె ఆరోగ్యం

వృద్ధాప్యంలో గుండె ఆరోగ్యాన్ని ప్రభావితం చేసే ముఖ్యాంశాలలో నిద్ర ఒకటి. సాధారణంగా రాత్రి నిద్రలో రక్తపోటు పగటికన్నా 10–20 శాతం తగ్గి, గుండెకు విశ్రాంతి దొరుకుతుంది. ఈ తగ్గుదల లేనివారికి గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువ.

నిద్ర చెడడానికి కారణాలు: వయసుతో గాఢనిద్ర తగ్గుతుంది. కీళ్లనొప్పులు, రాత్రి పదేపదే మూత్రానికి లేవడం నిద్రను చెడగొడతాయి. నిద్రలో శ్వాస ఆగి ఆగి ఆడే స్లీప్ ఆప్నియాలో రక్తంలోని ఆక్సిజన్ పడిపోతుంది, రక్తపోటు పెరుగుతుంది, గుండె లయ తప్పే ప్రమాదమూ ఉంటుంది. గట్టి గురక, పగటి మగత దీని గుర్తులు.

స్థానికంగా: కోనరావుపేట మండలం ఉన్న రాజన్న సిరిసిల్ల జిల్లాలో మరమగ్గాల పని రాత్రి షిఫ్టుల్లోనూ సాగుతుంది. ఏళ్ల తరబడి రాత్రిపూట పనిచేసేవారికి గుండెజబ్బుల ముప్పు ఎక్కువని పలు దేశాల పరిశోధనలు తేల్చాయి. అందువల్ల వయసు మళ్లిన నేత కార్మికుల నిద్రపై ప్రత్యేక శ్రద్ధ అవసరం.

నివారణ: 65 ఏళ్లు దాటినవారికి రోజుకు 7–8 గంటల నిద్ర మేలు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో నిద్రను గుండె ఆరోగ్యపు ఎనిమిది ప్రమాణాలలో చేర్చింది. రోజూ ఒకే వేళకు పడుకోవడం, సాయంత్రం తర్వాత చాయ్ మానడం మంచిది. గురక, ఆయాసం ఉంటే నిద్రమాత్రలు సొంతంగా వాడకుండా దవాఖానలో చూపించుకోవాలి.