ఉప్పుకు తోడు చక్కెర

గంగా డెల్టా కలరాకు పుట్టిల్లని పేరుపడింది. రోగి ఒంట్లోని నీరంతా పేగులోకి ఎలా వస్తుంది? పేగు లోపలి పొర ఊడిపోతుందని చాలాకాలం నమ్మారు. 1959లో శంభునాథ్ దే, కలరా క్రిములను వడకట్టి తీసేసిన ద్రవాన్ని కుందేలు పేగులోకి ఎక్కించారు. అయినా నీరు ఊరింది! క్రిమి వదిలే విషమే దోషి అన్నమాట. (దే గారికి రావలసినంత పేరు రాలేదు.) ఆ విషం వల్ల కణత్వచంలో క్లోరైడ్ ద్వారాలు తెరుచుకుంటాయి. క్లోరైడ్ వెంట సోడియం, వాటి వెంట ద్రవాభిసరణతో నీరు బయటికొస్తాయి.

ఉప్పునీళ్లు తాగిస్తే చాలదా అంటారేమో. చాలదు. ఆ స్థితిలో ఉప్పు ఒంటరిగా లోపలికి పోలేదు. గ్లూకోజు తోడైతే, విషం తాకని మరో ద్వారం గుండా సోడియం, గ్లూకోజు జంటగా వెళతాయి. ఈ జంట రవాణాను 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించారు. 1971లో బొన్‌గావ్‌లో బంగ్లాదేశ్ కాందిశీకులకు ఎక్కించే సెలైన్ నిండుకుంది. దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్లలో కలిపించి తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 లోపుకు దిగాయి.