జీపు జీర్ణోద్ధరణము

మన భాషలో జీర్ణోద్ధరణమను మాట యొకటి కలదు. శిథిలమైన దేవాలయమును తిరిగి నిలబెట్టునప్పుడు దానిని వాడుదుము. కొత్త గుడి కట్టుట వేరు, పాత గుడిని ఉద్ధరించుట వేరు అని మన పెద్దలు ఎరిగి యుండుటచేతనే ఈ రెండు పనులకు రెండు మాటలు ఏర్పడినవి. నేడు ఈ మాట దేవాలయములకే గాక యంత్రములకు గూడ అవసరమగుచున్నది. ఏండ్ల తరబడి చింతచెట్టు క్రిందనో, పశువుల కొట్టము ప్రక్కనో కదలక పడియున్న పాత జీపును కొని, దానిని మరల నడిపింపవలెనని పూనుకొనువారు మన దేశమున పలువురు కలరు. బండి నడచినంత మాత్రమున ఉద్ధరణము పూర్తి యైనట్లేనా? దానిలో దేనిని నిలుపవలెను, దేనిని మార్చవలెను? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు ముందు జీపు పుట్టుపూర్వోత్తరములను కొంత తెలిసికొందము.

1940వ సంవత్సరపు వేసవిలో ఫ్రాన్సు దేశము జర్మనీ సేనలకు లొంగిపోయినది. అమెరికా అప్పటి కింకను యుద్ధములో దిగలేదు గాని, దాని సైన్యాధికారులకు తొందర కలిగినది. ఆ జూలై నెలలో వారు 135 కంపెనీలకు లేఖలు పంపిరి. నాలుగు చక్రములకును ఇంజను బలము చేరవలెను. బండి తేలికగా ఉండవలెను. మొదటి నమూనా 49 దినములలో చేతికి రావలెను. నిబంధనలు చూచి పెద్ద కంపెనీలు వెనుదీసినవి. జవాబిచ్చినవి రెండే. వానిలో పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి బట్లర్ పట్టణములోని అమెరికన్ బాంటమ్ అను చిన్న కంపెనీ మిక్కిలి ఇక్కట్టులలో ఉన్నది. కార్ల్ ప్రాబ్‌స్ట్ అను ఇంజనీరు దానికొరకు రెండు దినములలో బండి పటములు గీసెను. సెప్టెంబరు 23వ తేదీన, గడువులోపలనే, నమూనా బండి మేరీలాండు రాష్ట్రములోని సైనిక స్థావరమునకు చేరినది.

అయినను సైన్యము కోరినన్ని బండ్లు చేయు శక్తి బాంటమ్ వారికి లేకపోయినది. టొలీడో నగరములోని విల్లీస్ కంపెనీయును, ఫోర్డు కంపెనీయును రంగములోనికి వచ్చినవి. విల్లీస్ వారి ఇంజనుకు 60 అశ్వముల బలము. ఆ బలమే వారిని గెలిపించినది. తుదకు విల్లీస్ నమూనానే ఫోర్డు వారును తయారుచేసిరి. యుద్ధము ముగియునప్పటికి ఈ రెండు కంపెనీలును కలిసి సుమారు 6,40,000 జీపులు చేసినవి. ఫోర్డు వారు బండి భాగముల మీదనే గాక బోల్టుల తలల మీద సైతము తమ పేరులోని మొదటి అక్షరమును ముద్రించిరి. ఈ చిన్న గుర్తునకు ఎనుబది యేండ్ల తరువాత ఎంత విలువ కలిగినదో ముందు చూతము.

పాత బండిని బాగుచేసికొనవలసి వచ్చిన అవస్థ నుండియే జీపు పరంపరలో రెండవ గొప్ప బండి పుట్టినది. మారిస్ విల్క్స్ ఇంగ్లండులోని రోవర్ కంపెనీకి ప్రధాన ఇంజనీరు. వేల్సు దేశమున ఆంగిల్సీ ద్వీపములోని తన పొలముపనులకు ఆయన యుద్ధములో మిగిలిన జీపు నొకదానిని వాడుచుండెను. అది అరిగిపోవుచున్నది, దానికి బదులుగా కొనదగిన స్వదేశపు బండి లేదు. అటువంటిది తామే ఏల చేయరాదని ఆయనకు తోచెను. 1947లో జీపు చట్రము మీదనే తొలి నమూనాను కట్టిరి. 1948 ఏప్రిల్ 30వ తేదీన ఆమ్‌స్టర్‌డామ్ నగరపు మోటారు ప్రదర్శనములో లాండ్ రోవర్ లోకమునకు కనబడినది. ఆ దినములలో బ్రిటనులో ఉక్కునకు రేషను ఉండుటచేత బాడీ రేకులను అల్యూమినియపు మిశ్రలోహముతో చేసిరి. దేశమునకు కలిగిన కొరత ఆ బండి ఒంటిమీద నేటికిని చదువవచ్చును.

మన దేశమునకు జీపు యుద్ధముతోనే వచ్చినది. బర్మా సరిహద్దున మిత్రసేనలు వాడిన బండ్లలో పెక్కు, యుద్ధానంతరము మిగులు సామగ్రిగా అమ్ముడుపోయినవి. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అను పేరుతో ఉక్కు వ్యాపారమునకై ఏర్పడిన కంపెనీ, భాగస్వామి యైన గులాం మహమ్మద్ దేశవిభజనానంతరము పాకిస్తానుకు తొలి ఆర్థిక మంత్రి కాగా, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయినది. ఆ దశాబ్దము చివరి యేండ్లలో అది విల్లీస్ జీపు భాగములను తెప్పించి బొంబాయిలో బండ్లుగా కూర్చ నారంభించినది. ఆ వంశపు జీపులు మన రోడ్ల మీద దశాబ్దములపాటు నడచినవి.

1952 అక్టోబరు 2వ తేదీన సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైన పిమ్మట మన పల్లెలకు జీపు మరింత చేరువైనది. బ్లాకు అధికారి వచ్చినను, అడవి శాఖ వారు నల్లమల దారుల పోవలసి యున్నను, ఎన్నికల వేళ మైకు కట్టి ఊరూర తిరుగవలసి యున్నను జీపే దిక్కు. పిదప ప్రభుత్వము వేలము వేసిన బండ్లు సామాన్యుల చేతికి వచ్చినవి. వెనుకభాగమును పొడిగించి, ఎదురెదురుగా బల్లలు బిగించి, బస్సు పోని ఊళ్ళకు సంతజనమును చేరవేసిన జీపులెన్నియో!

1973లో ప్రపంచమున ముడిచమురు ధర ఒక్కపెట్టున పెరిగినది. పెట్రోలు జీపును పోషించుట యజమానికి భారమైనది. మహీంద్రా కంపెనీయే మొదట ట్రాక్టరు ఇంజనును, తరువాత ఫ్రాన్సు దేశపు ప్యూజో వారి నమూనా డీజిలు ఇంజనును తన జీపులకు అమర్చినది. పాత పెట్రోలు బండ్లు గలవారు పట్టణములలోని షెడ్లలో అదే పని చేయించుకొనిరి. కావున నేడు మనము కొనబోవు పాత జీపు బానెట్టు ఎత్తి చూచినచో, పుట్టినప్పటి ఇంజనునకు బదులు డీజిలు ఇంజను కనబడుట వింత గాదు.

ఇక కొనుట మాట. నిలిచిపోయిన బండిని కొనువాడు మొదట మెకానిక్కుగా గాక చదువరిగా దాని వద్దకు పోవలెను. చాసీ మీది సంఖ్యయు, ఆర్.సి. పుస్తకములోని సంఖ్యయు ఒకటేనా? కానిచో ఎంత చౌక యైనను ఆ బేరము వలదు. తరువాత చట్రమును పరీక్షింపవలెను. యుద్ధకాలపు విల్లీస్ చట్రమునకు ముందువైపు అడ్డకమ్మి గుండ్రని గొట్టము. ఫోర్డు చట్రమునకు అదే అడ్డకమ్మి మడిచిన రేకుతో చేసినది. బోల్టు తల మీది అక్షరము తక్కిన కథ చెప్పును. సైన్యపు మరమ్మతుశాలలలోనే ఒక కంపెనీ భాగములను వేరొక కంపెనీ బండికి బిగించుట జరుగుచుండెను గనుక, రెండు మూడు బండ్లు కలిసి ఒకటియై యుండుట అరుదు కాదు. రంగు పెచ్చు లేచిన చోట నిదానించి చూచినచో, పైని తెలుపు, దాని క్రింద నీలము, అట్టడుగున సైన్యపు ఆకుపచ్చ పొరలు పొరలుగా కనబడవచ్చును. ఇవియన్నియు వ్రాసికొని, ఛాయాచిత్రములు తీసికొన్న పిమ్మటనే రెంచి చేత పట్టవలెను.

చిరకాలము నిలిచియున్న ఇంజనును ఇంటికి తెచ్చిన దినముననే బ్యాటరీ తగిలించి సెల్ఫు కొట్టుట పెద్ద పొరపాటు. పిస్టనులు సిలిండరు గోడలకు తుప్పుతో పట్టుకొని యుండవచ్చును. స్పార్కు ప్లగ్గులు తీసి, ప్రతి సిలిండరులోను పలుచని నూనె పోసి, కొన్ని దినములు ఓపిక పట్టవలెను. పిదప ముందువైపు హాండిలు పెట్టి చేతితో మెల్లగా త్రిప్పిచూడవలెను. చేతికి లొంగని దానిని బలముతో లొంగదీయబోయినచో విరుగును. లొంగిన తరువాత పాత నూనె తీసి కొత్తది పోయవలెను. పెట్రోలు ఇంజనైనచో ట్యాంకులో జిగురుగా మారిన పెట్రోలును పారబోసి, గొట్టములను, కార్బురేటరును కడుగవలెను. పాయింట్ల మీది చిలుము తీయవలెను. ప్లగ్గులు లేకుండ త్రిప్పి, నూనె అన్ని భాగములకు అందినదని తెలిసిన పిమ్మటనే నిప్పురవ్వ నీయవలెను.

ఇంజను పలికినంతనే సంతోషము పట్టజాలక బండిని రోడ్డు మీదికి తోలరాదు. బ్రేకుల రబ్బరు వాషర్లు ఏండ్లతరబడి ఎండి పగిలియుండును. గొట్టములు లోలోపల తుప్పు పట్టియుండును. వీనిని మార్చుటలో పాతవని ప్రీతి చూపరాదు. నడపుటకన్న నిలుపుట ముఖ్యము. ప్రాణమునకు సంబంధించిన భాగము కొత్తదై యుండవలెను. చరిత్రకు సంబంధించిన భాగము పాతదిగానే యుండవలెను. పనిలో తోచు సందేహములు చాల వరకు ఈ నియమముతో తీరును.

తీరని సందేహ మొకటి మిగులును. డీజిలు ఇంజను పెట్టిన జీపును ఏమి చేయవలెను? 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము పాతకాలపు వాహనముల రిజిస్ట్రేషనుకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించినది. తొలి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటియుండి, మొదటి రూపమున నిలిచియుండి, చాసీలోను బాడీలోను ఇంజనులోను పెద్ద మార్పులు జరుగని సొంతవాడుక బండ్లకే ఆ గౌరవము. ప్రదర్శనములకు, ర్యాలీలకు వానిని నడపవచ్చును గాని నిత్యము రోడ్డు మీద తిప్పరాదు. ఈ నిబంధనలు మంచి ఉద్దేశముతో చేసినవే. కాని వీని నీడలో ఒక ఆశ పుట్టుచున్నది. డీజిలు ఇంజనును పీకి పారవేసి, ఎక్కడనో దొరికిన పెట్రోలు ఇంజనును బిగించి, పొడిగించిన వెనుకభాగమును కోసివేసి, తెల్లని నక్షత్రము వేసి, సంతకు జనమును మోసిన బండిని యుద్ధవీరుని వేషములో నిలబెట్టుటయే ఆ ఆశ. బండి అందముగా నుండును. కాని అది బ్రతికిన బ్రతుకులో సగము తుడిచిపెట్టుకొనిపోవును.

1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనమునకు పోయిన లాండ్ రోవర్ బండి యొకటి 1960ల వరకు రోడ్ల మీద తిరిగి, వేల్సులో ఒక పొలమున ఇరువది యేండ్లు పడియుండి, సాలిహల్ పట్టణమునకు సమీపమున ఒక తోటలో శిథిలమై కనబడినది. దాని జీర్ణోద్ధరణమునకు పూనుకొనుచున్నట్లు 2018లో కంపెనీవారు ప్రకటించిరి. దానికి మెరయు కొత్త రంగు వేయుట వారికి ఎంతటి పని? అయినను 1948లో వేసిన లేతాకుపచ్చ రంగును, కాలము దానిమీద వేసిన మచ్చలతో సహా కాపాడుటకే వారు నిశ్చయించుకొనిరి. పాత వాహనముల అంతర్జాతీయ సమాఖ్య వెలువరించిన టూరిన్ ఒడంబడిక గూడ, కొత్తగా చేయుటకన్న ఉన్నదానిని కాపాడుటయే మేలనియు, చేసిన ప్రతి మార్పును వ్రాసి యుంచవలెననియు కోరుచున్నది. కట్టడముల రక్షణకై 1964లో వెనిస్ నగరమున ఏర్పడిన ఒడంబడికయే దీనికి మార్గదర్శి. ఇట్లు గుడికిని బండికిని నియమ మొకటే యైనది. శ్రీశైలము జలాశయములో మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును అలంపురమునకు తరలించినప్పుడు రాళ్ళను విడదీసి, గుర్తులు వేసి, తిరిగి పేర్చిన శ్రద్ధ మనవారికి తెలియనిది కాదు.

కావున మా అభిప్రాయ మిది. చమురు ధర పెరిగినప్పుడు యజమాని పెట్టించుకొన్న డీజిలు ఇంజను ఆ జీపునకు కళంకము కాదు. మన దేశమున అది గడిపిన జీవితమునకు సాక్ష్యము. దానిని అట్లే నడుపుకొన్నవారిని తక్కువగా చూడరాదు. అట్టి బండికి పాతకాలపు వాహనమను బిరుదు దక్కకపోయిన పోవుగాక. పెట్రోలు ఇంజనే కావలెనన్న వారు తీసిన ఇంజనును పాత ఇనుము వానికి తూకమునకు వేయక, పేరు వ్రాసి షెడ్డులో ఒక మూల నుంచవలెను. ఏ భాగము ఏనాడు మార్చినదియు ఒక పుస్తకములో వ్రాసి, ఆర్.సి. పుస్తకముతోపాటు భద్రపరుపవలెను. ఖర్చు లేని పని. ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు చాలును.

యుద్ధకాలపు జీపులను తొలినాళ్ళలో నడిపినవారును, వానికి డీజిలు ఇంజనులు పెట్టిన మేస్త్రీలును ఒక్కరొక్కరే మనకు దూరమగుచున్నారు. వారు వ్రాసి పెట్టినది తక్కువ. వారి చేతిపని మాత్రము ఈ బండ్లలో, బోల్టుల క్రింద, రంగుల పొరల నడుమ మిగిలియున్నది. దానిని చదివి వ్రాసిపెట్టిన తరువాతనే రెంచి త్రిప్పువాడు ఒక బండినే గాక, మరెక్కడను దొరకని ఆ చరిత్రను గూడ ఉద్ధరించినవాడగును.