బోర్డ్‌వెల్ కొలిచిన ఆమ్లాలు

కర్బన ఉత్ప్రేరకాల చరిత్ర చెప్పేవాళ్లు మామూలుగా 2000లో మొదలుపెడతారు. ఆ ఏడాది బెంజమిన్ లిస్ట్ ప్రొలీన్‌తో, డేవిడ్ మెక్‌మిలన్ ఇమిడజోలిడినోన్‌తో, లోహం ఊసు లేకుండానే కుడి ఎడమ రూపాల అణువుల్లో కావలసినదాన్నే ఎక్కువగా రాబట్టారు. 2021లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఓపికున్నవాళ్లు 1971 దాకా వెనక్కి వెళ్లి, స్టెరాయిడ్ల తయారీ కోసం ప్రొలీన్ వాడిన హాఫ్‌మన్-లా రోష్, షెరింగ్ కంపెనీల వాళ్లను తలుచుకుంటారు. డిగ్రీ పిల్లలకు ఆమ్లాలూ క్షారాలూ చెప్పి రిటైరైన నాకు మాత్రం అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఫ్రెడరిక్ బోర్డ్‌వెల్ ముఖ్యం.

ఆయన పని కొలవడం. మరీ బలహీనమైన ఆమ్లాన్ని నీళ్లలో కొలవలేం. దాని ప్రోటాన్ లాగడానికి వేసిన క్షారాన్ని నీళ్లే ముందు మింగేస్తాయి. అందుకని ఆయన డీఎంఎస్ఓ అనే ద్రావణిని ఎంచుకున్నారు. తేమ లేని డీఎంఎస్ఓలో, బలం తెలిసిన రంగు సూచికతో తెలియని ఆమ్లాన్ని పోటీకి దింపి, రంగు ఎంత తగ్గిందో స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూసేవారు. మా ల్యాబులో ఫినాల్ఫ్తలీన్ గులాబీ రంగు కోసం బ్యూరెట్ తిప్పినంత తేలిక కాదది. ఆ కొలతల మీద ఆయన సమీక్షా వ్యాసం 1988లో అచ్చయింది.

ఆమ్లం బలాన్ని చెప్పే అంకె పీకేఏ. అది తగ్గితే ఆమ్లం బలం పెరుగుతుంది, మెట్టుకి పది రెట్లు. వెనిగర్‌లో ఉండే అసిటిక్ ఆమ్లానికి నీళ్లలో అది 4.76, డీఎంఎస్ఓలో 12.3. ప్రోటాన్ పోగా మిగిలిన అసిటేట్‌ను నీళ్లు హైడ్రోజన్ బంధాలతో ఆదుకుంటాయి, డీఎంఎస్ఓకి ఆ శక్తి లేదు. ఇక కర్బన ఉత్ప్రేరకాల్లో వాడే థయోయూరియా సంగతి. ఉత్త థయోయూరియా డీఎంఎస్ఓలో 21 దగ్గర ఉంటుంది. రెండు ఫినైల్ వలయాలు తగిలిస్తే 13.5. ఆ వలయాల మీద నాలుగు ట్రైఫ్లోరోమిథైల్ గుంపులు పెట్టిన జర్మనీ శాస్త్రవేత్త ష్రైనర్ ఉత్ప్రేరకం 2012 కొలతల్లో 8.5 తేలింది. అంటే ఆ ద్రావణిలో వెనిగర్ ఆమ్లాన్ని మించింది! అయినా అది పని చేసేటప్పుడు ప్రోటాన్ వదిలిపెట్టదు, రెండు హైడ్రోజన్ బంధాలతో కార్బొనిల్‌ను పట్టుకుంటుంది. 2004లో జపాన్‌లో అకియామా, తెరాదా వేర్వేరుగా తెచ్చిన ఫాస్ఫారిక్ ఆమ్లాలు ఇంకా బలమైనవి, ఇంచుమించు 3. అవి ప్రోటాన్ ఇవ్వడానికి వెనకాడవు.

బలం ఒక్కటే ఉత్ప్రేరకాన్ని నిర్ణయించదు, ఆకారమూ కావాలి. కానీ కొత్త ఉత్ప్రేరకం గురించి చదివేటప్పుడు పీకేఏ పక్కన ద్రావణి పేరు ఉందేమో ముందు చూడండి. లేకపోతే ఆ అంకెను లెక్కలోకి తీసుకోకండి.