తెల్లారేదాకా ఆగొద్దు

మా బావగారికి ల్యుకేమియా అని తెలిసిన నెలలోనే మా అక్కయ్య వాళ్ళ ఫ్రిజ్ మీదికి ఒక కాగితం చేరింది. జ్వరం 100.4 దాటితే పగలైనా రాత్రైనా వెంటనే ఫోన్ చేయమని అందులో ఉంది. ఒకరోజు రాత్రి రెండింటికి థర్మామీటరు 100.6 చూపించింది. “టైలనాల్ వేసుకుని పడుకుంటాను, పొద్దున చూద్దాంలే” అన్నారాయన. నాకూ అదే సబబనిపించింది. అక్కయ్య మాత్రం ఒప్పుకోలేదు. కారు తీయక తప్పలేదు. ఆ కాగితం వెనక కథేమిటో తర్వాత చదివి తెలుసుకున్నాను.

1948లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్, ల్యుకేమియా వచ్చిన పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే కొంతకాలమైనా జబ్బు తగ్గుతుందని చూపించారు. ఆ మందు తయారుచేసింది లెడర్లీ కంపెనీలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. అయితే ఇలాంటి మందులు జబ్బు కణాలతోపాటు, సూక్ష్మజీవులను మింగే న్యూట్రోఫిల్స్ అనే మంచి తెల్లకణాలనూ తగ్గించేస్తాయి. 1966లో నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ నుంచి జెరాల్డ్ బోడీ బృందం లెక్కగట్టి చూపించింది: మైక్రోలీటరు రక్తంలో ఇవి 1,000 కన్నా తగ్గితే ఇన్‌ఫెక్షన్లు పెరుగుతాయి, 100 కన్నా తగ్గితే ప్రమాదం మరీ ఎక్కువ.

పోట్లాడే కణాలే లేకపోతే ఒంటికి నష్టం తక్కువే కదా అనుకున్నాను. పొరపాటు. అవి లేకపోతే చీము పట్టదు, వాపు సరిగా కనబడదు. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. కీమోతో దెబ్బతిన్న పేగు పొరను దాటి బాక్టీరియా రక్తంలోకి వస్తుంది. దాన్ని చూసి మిగతా రక్షణ వ్యవస్థంతా అదుపు తప్పుతుంది. సన్నటి రక్తనాళాలు లీకవుతాయి, వాటిలో చిన్న చిన్న గడ్డలు కడతాయి, బీపీ పడిపోతుంది. ఆక్సిజన్ అందక కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. సూడోమోనాస్ లాంటిదైతే రక్తనాళాల గోడల్లోకే చొరబడుతుంది. అక్కడి చర్మం చచ్చి నల్లబడుతుంది.

కారణం తెలియకుండా చెయ్యి పెట్టొద్దన్నది మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ సూత్రం. ఇక్కడ ఆ సూత్రమే ప్రాణం తీసేది. బ్లడ్ కల్చర్ రిపోర్టుకు రోజులు పట్టేది, ఆలోపే మనిషి పోయేవాడు. 1971లో బాల్టిమోర్‌లో స్టీఫెన్ షింఫ్ బృందం రిపోర్టు కోసం ఆగకుండా, జ్వరం రాగానే కార్బెనిసిలిన్, జెంటామైసిన్ కలిపి మొదలుపెట్టి మంచి ఫలితాలు చూపించింది. తర్వాత మందులు మారాయి గాని, పద్ధతి నేటికీ అదే.

ఆ రాత్రి గంటలోపే బావగారికి యాంటీబయాటిక్ ఎక్కించారు. ఆయన న్యూట్రోఫిల్స్ అప్పుడు 80. పదిరోజులకు ఇంటికొచ్చారు.

ఇండియాలో మీవాళ్ళెవరైనా కీమో తీసుకుంటుంటే ఈసారి ఫోన్లో ఈ ఒక్కమాట చెప్పండి: జ్వరం వస్తే మాత్ర వేసి అణచొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళమని.