మొదటి మ్యాచ్ ఓడినప్పుడు

తెలుగులో ‘మనం’ వేరు, ‘మేం’ వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, పక్కన పెడితే మేం. ఢిల్లీ, లక్నోల ఉర్దూలో రెంటికీ ‘హమ్’ ఒక్కటే. మన దక్కనీలో మాత్రం ‘అపన్’ అనే మాట ఉంది. ‘అపన్ హార్ గయే’ అంటే నువ్వూ నేనూ కలిసి ఓడిపోయామని. తెలుగు పక్కన శతాబ్దాలుగా బతికిన ఉర్దూకే ఈ మాట విలువ తెలుసు. ఆటల చరిత్ర రాసేవాళ్ళు గెలిచిన కప్పుల్ని లెక్కపెడతారు. ఓడిన మర్నాడు ఎవరు ఎవర్ని ‘అపన్’లో కలుపుకున్నారో, ఎవర్ని బయటికి నెట్టారో లెక్కపెట్టరు. మా లాంటి వాళ్ళకు కావలసింది ఆ రెండో లెక్క.

మల్కాజ్‌గిరి స్టేషన్ నుంచి బొల్లారం వైపు పోయే రైలు మార్గంలో సఫిల్‌గూడ, రామకృష్ణాపురం దాటితే అమ్ముగూడ వస్తుంది. కంటోన్మెంటును ఆనుకున్న ఊరు. తులసీదాస్ బలరాం 1936లో అక్కడ ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టారు. సికింద్రాబాద్, తిరుమలగిరి, బొల్లారం దండు ప్రాంతాలకు ఫుట్‌బాల్ ఇంగ్లీషు పటాలాల వెంట వచ్చింది. దొరలు వెళ్ళిపోయారు, బంతి ఉండిపోయింది. దాన్ని అందుకున్నవాళ్ళు జమీందారుల పిల్లలు కాదు. కానిస్టేబుళ్ళు, రైల్వే కార్మికుల పిల్లలు, దండు బజార్ల ముస్లింలు, తమిళులు, క్రైస్తవులు. బ్యాటు, ప్యాడ్లు కొనుక్కోలేని వాళ్ళ ఆట ఇది. అమ్ముగూడ కుర్రాడి ఆట చూసి హైదరాబాద్ జట్టులోకి తీసుకున్నవారు సయ్యద్ అబ్దుల్ రహీమ్.

రహీమ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉర్దూలో చదువు చెప్పే రోజుల్లో ఉస్మానియా నుంచి బి.ఏ. పట్టా తీసుకున్నారు. బడిపంతులుగా పనిచేశారు. 1940ల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఈ చివరి సంవత్సరాన్ని దాటేసి పోకుండా ఒక్క క్షణం ఆగాలి.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం రాజ్యం అయిదు రోజుల్లో కూలింది. రజాకార్లు చేసిన దుర్మార్గానికి శిక్ష పడింది ఎక్కువగా రజాకార్లతో ఏ సంబంధమూ లేని పేద ముస్లింలకు. జిల్లాల్లో తిరిగి చూసిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవాళ్ళ సంఖ్య తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటుందని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనం కంట పడనివ్వలేదు. నౌకర్లు పోయాయి, భాష పోయింది. హైదరాబాదీ ముస్లిం అంటే దేశం అనుమానంగా చూసే రోజులవి.

అటువంటి సమయంలో, రెండేళ్ళకే, హైదరాబాద్ పేరు పెట్టుకున్న జట్టు ఒకటి బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ గెలిచింది. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు ఆ కప్పు ఇక్కడికే వచ్చింది. 1950లోనే డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. ఆ జట్టులో ముస్లింలు ఎక్కువ. అయినా దాన్ని ముస్లింల జట్టని ఎవరూ అనుకోలేదు. చార్మినార్ దగ్గరా, సికింద్రాబాద్‌లోనూ అది ‘అపన్ కీ టీమ్’, మనోళ్ళ టీమ్. రాజ్యం పోయిన ఊరికి తలెత్తుకునే చోటు మొదట దొరికింది మైదానంలోనే.

రహీమ్ చరిత్రను గెలుపుల చరిత్రగా చెబుతారు. నాకు మాత్రం ఆయన ఓటములే ఎక్కువ చెబుతాయి. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టు మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో మొదటి మ్యాచ్‌లోనే యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. అటువంటి ఓటమి తర్వాత ఏ కోచ్‌నైనా ఇంటికి పంపించవచ్చు. కాని నాలుగేళ్ళ తర్వాత మెల్‌బోర్న్‌కు జట్టును తీసుకువెళ్ళింది రహీమే. అందులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, ఇరవయ్యేళ్ళ బలరాం ఉన్నారు. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతదాకా వెళ్ళిన మొదటి ఆసియా దేశం మనది.

ఆరేళ్ళ తర్వాత, 1962 ఆగస్టులో, జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. హైదరాబాద్ ఇరానీ హోటళ్ళలో అటువంటి పూట ఏం వాదన జరుగుతుందో ఈ ఊళ్ళో పెరిగిన ఎవరికైనా తెలుసు. ఒకడు జట్టు పని అయిపోయిందంటాడు. ఇంకొకడు ‘పైలాచ్ మ్యాచ్ హై మియా’ అంటాడు, మొదటి మ్యాచే కదయ్యా అని. ఫలానావాణ్ణి ఎందుకు ఆడించాడని మూడోవాడు కోచ్‌ను తిడతాడు. సగం చాయ్ చల్లారిపోతుంది. ఈ తిట్లలో ఒక భరోసా ఉంది. నా ఇంటివాణ్ణి నేను తిట్టుకుంటున్నాను, అడ్డు చెప్పడానికి నువ్వెవరన్న భరోసా.

ఆ జట్టు లేచింది. థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో గెలిచింది. జపాన్ మీద ఒక గోల్ బలరాంది. జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. డిఫెండరుగా ఆడే ఆయన్ని రహీమ్ ముందు వరసకు మార్చారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్ళీ అదే కొరియా. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను క్రీడలకు రానివ్వని ఇండోనేసియాను భారత ప్రతినిధి సోంధీ తప్పుపట్టారని అక్కడి జనం మన మీద కోపంగా ఉన్నారు. స్టేడియం నిండా అరుపులే. ఆ రోజు మన వైపు చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళని మనవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. 2-1తో బంగారు పతకం మనది. ఆ పదకొండుగురిలో గోల్‌కీపర్ తంగరాజ్, యూసఫ్ ఖాన్, బలరాం మన హైదరాబాద్ గడ్డ మీది వాళ్ళు. అప్పటికే క్యాన్సర్ రహీమ్‌ను తినేస్తోంది. 1963 జూన్‌లో చనిపోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్ళీ బంగారం రాలేదు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశంలో, భారత్‌ను ఎగతాళి చేస్తున్న జనం మధ్య, ఒక ముస్లిం కోచ్ భారత్‌ను గెలిపించాడు చూశారా అనడం తేలిక. రహీమ్ మీద 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చాక ఈ మాట ఇంకా తేలికైంది. మంచి ముస్లింల జాబితాలో అబ్దుల్ కలాం పక్కన మరొక పేరు. నాకు ఈ జాబితాతోనే పేచీ. రహీమ్ గెలిచాడు కాబట్టి మనవాడైతే, హెల్సింకీలో 10-1తో ఓడిన రోజున ఎవరివాడు? గెలుపు అడిగే దేశభక్తి మీద ఆధారపడి ఎవరూ బతకలేరు. కొరియా చేతిలో ఓడిన సాయంత్రం కూడా ఆయన మనవాడే. ఆ సాయంత్రం ఆయన్ని తిట్టినవాళ్ళు కోచ్ అనే తిట్టి ఉంటారు. హైదరాబాద్ చరిత్రలో నేను వెతుక్కునేది ఆ సామాన్యమైన తిట్టును.

దాని విలువ 2021లో బాగా తెలిసింది. ఆ అక్టోబరు 24న దుబాయ్‌లో టి20 ప్రపంచ కప్‌లో మన మొదటి మ్యాచ్. పాకిస్తాన్ పది వికెట్ల తేడాతో గెలిచింది. ఓడింది పదకొండుగురు. బూతులు పడింది మహమ్మద్ షమీ మీద. బంతి ఎక్కడ వేశాడన్నది ఎవరికీ పట్టలేదు, పేరు పట్టింది. ఒకరి మీద మతం పేరుతో దాడి చేయడం నీచమని కెప్టెన్ కోహ్లీ అన్నాడు. మంచిదే. కాని జకార్తా ఓటమి రోజుకూ, దుబాయ్ ఓటమి రోజుకూ మధ్య ఏదో జారిపోయింది. ఆటగాడికే అలా ఉంటే, చూసేవాడి సంగతి చెప్పక్కర్లేదు. జట్టు బాగా ఆడలేదని ముస్లిం అభిమాని అంటే, ఆ మాట ఎటునుంచి వచ్చిందని చూస్తారు. పాకిస్తాన్ గెలిచిన మర్నాడు ‘మీవాళ్ళు గెలిచారుగా’ అనే పలకరింపు వినని ముస్లిం ఉద్యోగి ఆంధ్రలో గానీ తెలంగాణలో గానీ తక్కువ. చప్పట్లు కొట్టే హక్కు మాకుంది, పైగా గట్టిగా కొట్టాలి. తిట్టే హక్కు మాత్రం లేదు. తిట్టే హక్కు లేనివాడు ఆ ఇంటికి చుట్టమే గాని, సొంత మనిషి కాదు.

క్రికెట్‌లో పోయింది ఫుట్‌బాల్‌లో కొన్నాళ్ళు మళ్ళీ దొరికింది. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది. మొదటి మ్యాచ్‌లోనే కలకత్తాలో 5-0తో ఓడి, ఆ ఏడాది అట్టడుగున నిలిచింది. 2021-22లోనూ మొదటి మ్యాచ్ చెన్నయిన్ చేతిలో 1-0తో పోయింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐ.ఎస్.ఎల్. కప్ గెలిచింది. ఆ ఓటములప్పుడు నగరంలో జరిగిన వాదనల్లో ఏ మతంవాడు ఆడాడన్న మాట నా చెవిన పడలేదు. డిఫెన్సు ఎందుకు కూలింది, కోచ్ ఎవర్ని మార్చాలి, అంతే. జకార్తా రోజుల చర్చే మళ్ళీ. తర్వాత క్లబ్బు ఆర్థిక ఇబ్బందుల్లో పడింది, ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. మల్కాజ్‌గిరి కుర్రాడికి తిట్టుకోవడానికి కూడా ఐ.ఎస్.ఎల్.లో తన ఊరి జట్టు ఒకటి లేకుండా పోయింది.

బలరాం 2023 ఫిబ్రవరిలో బెంగాల్‌లో చనిపోయారు. ఆడే వయసులోనే ఊపిరితిత్తుల జబ్బుతో 1963లో ఆట మానేసిన మనిషి. ఆయన పుట్టిన అమ్ముగూడ మీదుగా రోజూ రైళ్ళు పోతూనే ఉన్నాయి. తమిళ కుటుంబంలో పుట్టిన కుర్రాణ్ణి ఒక ఉర్దూ పంతులు ఎంచుకున్న ఆ ఫుట్‌బాల్‌ను మన పాఠ్యపుస్తకాల్లోకి తేవాలి. ముస్లింలు దేశానికి చేసిన సేవ అనే శీర్షిక కింద మాత్రం వద్దు. హైదరాబాద్ చరిత్ర అని రాసి, హెల్సింకీ 10-1నీ, జకార్తా 2-1నీ ఒకే పేజీలో అచ్చువేయాలి. ఓటమిని పంచుకున్నవాళ్ళకే గెలుపు మీద వాటా అడిగే అవసరం ఉండదు. దాన్నే మా దక్కనీలో అపన్ అంటారు.