విడిభాగాల బజారు నుంచి డ్రోన్ల దాకా

1988లో చైనాలోని షెన్‌జెన్ నగరంలో సెగ్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఒక బజారు తెరిచింది. అందులో రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఐసీలు కౌంటర్ల మీద పరిచి అమ్మేవారు. ఈరోజు వింటే ఇదేమంత విశేషమని అనిపిస్తుంది. కానీ అప్పటిదాకా ఆ దేశంలో ఏ ఫ్యాక్టరీకి ఏ భాగం ఎంత అందాలో చాలావరకు ప్రభుత్వ ప్రణాళికే తేల్చేది. చిన్న తయారీదారుకు చిప్ దొరకడమే గగనం. ఆ బజారు వెలసిన వీధి హువాచ్యాంగ్‌బేయ్. షెన్‌జెన్ కథ చెప్పేవాళ్లు ఆకాశహర్మ్యాలతో మొదలుపెడతారు. నేనైతే ఆ కౌంటర్లతోనే మొదలుపెడతాను.

హాంకాంగ్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న షెన్‌జెన్ ప్రాంతాన్ని 1980 ఆగస్టులో ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించారు. హాంకాంగ్‌లో స్థలాల ధరలు, కూలి పెరిగాయి. దాంతో అక్కడి యజమానులు రేడియోలు, క్యాసెట్ ప్లేయర్లు, బొమ్మల తయారీని ఇటు తరలించారు. డిజైన్ బయటిదే, విడిభాగాలూ బయటివే, బిగింపు మాత్రం ఇక్కడ. దూరపు పల్లెల నుంచి వచ్చిన యువతీ యువకులు హాస్టళ్లలో ఉంటూ ఆ పని చేశారు. వాళ్ల చెమట లేకుండా ఈ చరిత్ర లేదు. 2010లో ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బిగింపు సంస్థ ఫాక్స్‌కాన్ కర్మాగారంలో వరుసగా జరిగిన కార్మికుల ఆత్మహత్యలను ఏ అభివృద్ధి లెక్కా కప్పిపెట్టలేదు.

అద్దెలు పెరగడంతో ఫ్యాక్టరీలు క్రమంగా నగర శివార్లకు, పక్కనున్న డాంగువాన్‌కు తరలాయి. హువాచ్యాంగ్‌బేయ్‌లో ఖాళీ అయిన భవనాల్లోకి దుకాణాలు వచ్చాయి. కొత్త వస్తువుల తయారీకి పునాది పడింది ఇక్కడే. కింద కౌంటర్‌లో చిప్ అమ్మే మనిషికి దాన్ని ఏ బోర్డు మీద ఎలా వాడాలో తెలుసు. పై అంతస్తులో బోర్డు గీసే ఇంజినీరు, కాస్త దూరంలో ప్లాస్టిక్ అచ్చులు పోసేవాడు, ఆ పక్కన పాత ఫోన్లు విప్పి పనికొచ్చే భాగాలు తీసే మెకానిక్. పొద్దున తట్టిన ఆలోచనకు కావలసిన సరుకంతా సాయంత్రానికల్లా చేతికొచ్చేది.

2000 దశకం మధ్యలో తైవాన్ కంపెనీ మీడియాటెక్ చిప్‌తోపాటు సాఫ్ట్‌వేర్‌నూ, ఫోన్ నమూనా డిజైన్‌నూ కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. దాంతో పదిమంది ఉన్న సంస్థ కూడా ఫోన్ తయారు చేయగలిగింది. 2007లో చైనా ఫోన్ల తయారీకి లైసెన్సు నిబంధన ఎత్తేసింది. షాన్‌జాయ్ అని పిలిచే చౌక అనుకరణ ఫోన్లు వెల్లువెత్తాయి. వాటిలో చాలావరకు నోకియా లాంటి పేరున్న కంపెనీల ఫోన్లకు నకళ్లే, అది దాచాల్సిన పనిలేదు. కానీ నకలు దగ్గరే ఆగలేదు. తయారైన సర్క్యూట్ బోర్డులను, ఫోన్ కేసుల అచ్చులను ఎవరైనా కొనుక్కుని వాడుకునేలా బజారులో పెట్టేవారు. ఒకరు రెండు సిమ్‌లు పెడితే మరొకరు పెద్ద స్పీకరు పెట్టారు, ఇంకొకరు టార్చి కలిపారు. రెండు సిమ్‌ల ఫోన్ మన పల్లెల్లో ఎంత చొచ్చుకుపోయిందో తెలిసిందే. ఇదే నగరానికి చెందిన ట్రాన్షన్ సంస్థ, నల్లని మేనిఛాయ ఫొటోలో స్పష్టంగా పడేలా కెమెరాలను తీర్చిదిద్ది ఆఫ్రికా మార్కెట్‌ను గెలిచింది. నా దృష్టిలో ఇది సిసలైన ఆవిష్కరణ.

హాంకాంగ్‌లో చదువుకున్న ఫ్రాంక్ వాంగ్ 2006లో డీజేఐ సంస్థను స్థాపించి షెన్‌జెన్‌లోనే డ్రోన్లు తయారు చేశాడు. సెన్సర్లు, చిన్న కెమెరాలు, లిథియం బ్యాటరీలు ఫోన్ల పుణ్యమా అని చౌకవుతూ వచ్చాయి, అవి దొరికే ఊళ్లోనే అతనున్నాడు. ఇక్కడే 1995లో బ్యాటరీలతో మొదలైన బీవైడీ సంస్థ కార్లకు, బస్సులకు ఎదిగింది. 2017 చివరికి షెన్‌జెన్‌లో తిరిగే 16 వేలకు పైగా సిటీ బస్సులన్నీ విద్యుత్తువే.

ఫాక్స్‌కాన్ మన దగ్గరికీ వచ్చింది. 2015లో ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో షావోమీ ఫోన్ల బిగింపు మొదలైంది. 2023 మార్చిలో హైదరాబాద్ రాయదుర్గంలో నమూనాల తయారీకి టీ-వర్క్స్ తెరిచినప్పుడు ఫాక్స్‌కాన్ ఛైర్మన్ యంగ్ లియు హాజరయ్యారు. రెండూ మంచి అడుగులే. వాటి మధ్య ఉండాల్సిన బజారు మాత్రం ఇంకా చిన్నది. కోఠి గుజరాతీ గల్లీలో సెన్సర్లు, మోటార్లు వెతుక్కునే ఇంజినీరింగ్ విద్యార్థులను అడిగితే ఆ కొరత చెబుతారు. పెద్ద ఫ్యాక్టరీలకు భూములు, రాయితీలు ఇస్తున్న మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ విడిభాగాల వ్యాపారులకు, అచ్చుల పనివాళ్లకు, మరమ్మతు మెకానిక్‌లకు ఆ ఫ్యాక్టరీల పక్కనే తక్కువ అద్దెకు చోటు ఇవ్వాలి.